బయటికొచ్చారా, బావగారూ?

కాగితం కప్పులో టీ పోసి ఇచ్చేవాడికి ఏ శిక్ష వేయాలో నాకు తోచడం లేదు. వేళ్ళు కాలతాయి, నాలుక తడిసేసరికి టీ అయిపోతుంది, చివరికి మిగిలేది మైనం వాసన. మా చిలకలూరిపేటలో హైవే పక్క టీ కొట్టువాడు గాజుగ్లాసులన్నీ ఎత్తేసి ఈ కప్పులు పెట్టాడు. ఆ పొద్దున వాడితో అదే పోట్లాట. "ఏరా, ఇది తాగమని ఇచ్చావా, పుక్కిలించమని ఇచ్చావా?" అంటుండగా జేబులో ఫోను మోగింది. గుంటూరు నుంచి మా అమ్మాయి.

"నాన్నా, మామయ్యగారు పోయారు. నిద్రలోనే."

కప్పు పట్టుకునే ఉన్నాను. వేలు కాలిందని మా ఆవిడ సాయంత్రం చూసి చెప్పింది.

పోయినాయన నా వియ్యంకుడు. మనలో వియ్యంకులు ఎదురుపడ్డప్పుడు ఒకరికొకరు చురక వేసుకోకపోతే ఆ పెళ్ళి ఎక్కడో తేడాగా జరిగిందని అర్థం. నవ్వకండి, మీ ఇంట్లోనూ అంతే. మా ఇద్దరి మధ్య ఆ చురకలు మరీ ఎక్కువ, ఎందుకంటే ఒకే జిన్నింగు మిల్లులో పనిచేశాం. గేటు దగ్గర కాటా నాది. పత్తి ట్రాక్టరు కాటా ఎక్కితే బరువు చూసి మీట నొక్కడమే పని. నేను చదివింది ఐదో తరగతి, అది కూడా మేష్టారి మొహమాటం. ఆయన గుంటూరులో ఏదో ఆఫీసులో టైపు కొడుతూ కొడుతూ కంప్యూటర్లలోకి దిగిన మనిషి. మా పిల్లల పెళ్ళయిన చాలా ఏళ్ళకు మిల్లుకి కంప్యూటరొచ్చింది. దాని వెనకే బ్రాడీపేట నుంచి రోజూ బస్సెక్కి మా వియ్యంకుడూ వచ్చాడు.

ఆఫీసు గదిలో ఒక పెద్ద పెట్టె. కాటా దగ్గర, గోడౌన్లో, లెక్కల గుమస్తా దగ్గర తలా ఒక తెర. ఎవరు ఏది కొట్టినా పోయి ఆ పెట్టెలోనే చేరుతుంది. దాన్ని సర్వర్ అనాలట. మొదటి వారమే ఆయన కాటా గదిలోకి కంగారుగా వచ్చి, "సర్వర్ పడిపోయింది బావగారూ" అన్నాడు.

"అయ్యో, ఏ హోటల్లో? సాంబారు ఒంటిమీద పడలేదు గదా?"

"ఇది యునిక్స్ యంత్రం అండీ, పరాచికాలు కాదు. రూట్‌లోకి వెళ్ళి చూడాలి."

"ఏ రూటు? నరసరావుపేట రూటా, ఒంగోలు రూటా?"

అప్పుడు నవ్వాడు. పళ్ళు కనపడకుండా, భుజాలు మాత్రం ఎగిరేట్టు నవ్వడం ఆయన అలవాటు.

అది పడిపోవడానికి కారణం పత్తి నుసి. మిల్లులో గాలంటేనే సగం నుసి. పెట్టె వెనక ఫ్యానులో అది పేరుకుని, మధ్యాహ్నానికి వేడెక్కి యంత్రం టక్కున ఆగేది. ఆయన ఇంట్లోంచి పాత వాయిలు చీర ముక్క తెచ్చి గాలి కన్నాలకు కట్టాడు. రోజూ విప్పి దులిపేవాడు, శనివారం ఉతికి ఆరేసేవాడు. "మా చెల్లెమ్మ చీర మీ యంత్రానికి కట్టారు సరే, బొట్టు కూడా పెట్టండి, ముత్తైదువలా ఉంటుంది" అన్నాను. ఆయన ఆ మాట పట్టించుకోలేదు. పడి లేచిన యంత్రం మీద చెయ్యి వేసి, జ్వరమొచ్చిన పిల్ల పక్కన కూర్చున్నట్టు కూర్చున్నాడు. "ఇప్పుడు అది తన ఒళ్ళు తాను తడుముకుంటుంది బావగారూ, ఎక్కడెక్కడ దెబ్బ తగిలిందో. మనం కదిలించకూడదు."

ఆయన మాటలు కొన్ని నాకు అలాగే ఉండిపోయాయి. "చూసి తుడవాలి గానీ తుడిచి చూడకూడదు" అనేవాడు. "చోటు నిండిందని అది చెబితే నమ్మండి. ఎందుకు నిండిందో మాత్రం మనమే వెతుక్కోవాలి" అనేవాడు. నాతో మాత్రం రోజూ ఒకటే గొడవ. పనయ్యాక తెర దగ్గర ఒక మాట కొట్టి లోపల్నుంచి బయటికి రావాలి. నాకది ఎక్కేది కాదు. తెర ఆర్పేసి ఇంటికి పోయేవాణ్ణి.

"తెర ఆర్పితే బయటికొచ్చినట్టు కాదు బావగారూ. లైటు తీసేసి గదిలోనే కూర్చున్నట్టు" అనేవాడు.

ఇలా రాస్తూ నాలుగుసార్లు లేచాను. ఆయన పోయిన దగ్గర్నుంచీ నా కాలు ఒకచోట నిలవడం లేదు. టీవీ పెడతాను, తీసేస్తాను. గేటు దాకా వెళ్ళి ఎందుకొచ్చానో తెలియక తిరిగొస్తాను. "కాలుగాలిన పిల్లిలా ఏంటా తిరుగుడు?" అని మా ఆవిడ విసుక్కుంటుంది. ఆ తిరుగుడు నేను ఇదివరకు ఒకసారి తిరిగాను. అది చెప్పాలి.

పత్తి సీజను నడుమ ఒకరోజు. గేటు బయట ట్రాక్టర్లు హైవే దాకా బారులు తీరాయి. కాటా మీద ట్రాక్టరుంది, నేను మీట నొక్కాను, తెర మీద చోటు లేదని వచ్చింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే. ఆఫీసులో లెక్కల గుమస్తా అప్పటికే హడావిడి పడి, అన్నిట్లోకి పెద్ద ఫైలేదో చూసి తుడిచేశాడట. అయినా సర్వరు నిండే ఉందంటోంది. చేతిరాత చీటీ ఇద్దామంటే, అది చెల్లదని మా ఓనరు ఎప్పుడో ఖరాఖండిగా చెప్పాడు. తూకం లేనిదే పత్తి షెడ్డులోకి పోదు. కొండవీటి కొండల మీద మబ్బు కమ్ముకొస్తోంది.

బల్లికురవ వైపు నుంచి వచ్చిన రైతమ్మ ఒకావిడ ట్రాక్టరు దిగి నా కిటికీ దగ్గరికొచ్చింది. "ఏందయ్యో, కాటాకి జొరమొచ్చిందా?"

"జొరం కాదమ్మా, అజీర్తి. కడుపు నిండిందంట."

"మాకు నిండట్లా, నీ కాటాకి నిండిందా! నా పత్తి తడిసిందా, నీ మిల్లు ముందే కూచుంటా, చూసుకో."

మామూలుగా అయితే దీటుగా ఒకటి అనేవాణ్ణి. ఆమె మొహం చూసి, మబ్బు వంక చూశాను. తడిసిన పత్తి రంగు మారుతుంది, సగం ధరకి అడుగుతారు. ఇంతలో ఓనరు వచ్చి వరండాలో నిలబడి అరిచాడు. "ఎవడి వల్ల ఆగిందో నాకు తెలియాలి. వాడు రేపట్నించి ఈ గేటు దాటి లోపలికి రాకూడదు."

నేను కాటా గదికీ ఆఫీసుకీ మధ్య తిరగడం మొదలుపెట్టాను. ఆఫీసులో మా వియ్యంకుడు తెర ముందు కూర్చుని, లేచి, మళ్ళీ కూర్చుంటున్నాడు.

"విచిత్రంగా ఉంది బావగారూ. ఉన్న ఫైళ్ళన్నీ కూడితే పెట్టె సగమే. మొత్తం ఎంత వాడారని అడిగితే మాత్రం నిండా అంటోంది. రెండు లెక్కలూ కలవడం లేదు."

"ఇంకేమన్నా తుడవకూడదా?" అన్నాడు గుమస్తా.

"ఆగండి. తుడిచి చూడకూడదు."

కిటికీలోంచి చల్లగాలి కొట్టింది. ఆయన తల పైకెత్తి నన్ను చూశాడు. నా భుజం మీది కండువా చూశాడు.

"బస్సులో సీటుకి కర్చీఫ్ వేస్తారు చూడండి" అన్నాడు నెమ్మదిగా. "మనిషి ఉండడు. అయినా ఆ సీట్లో ఎవరూ కూర్చోరు. ఇదీ అంతే. ఫైలు పేరు తుడిచేశారు. ఎవరో దాన్ని ఇంకా పట్టుకునే ఉన్నారు. వాళ్ళు వదిలేదాకా ఆ చోటు ఖాళీ అవదు. ఎవరి కర్చీఫో చూడాలి."

టకటకా ఏదో కొట్టి చూశాడు. ఇంకేమీ అనకుండా లేచి, నా చెయ్యి పట్టుకుని కాటా గదికి నడిపించుకొచ్చాడు.

"బావగారూ, నిన్న బయటికొచ్చారా?"

భుజం మీది కండువా సర్దుకున్నాను.

"మొన్న?"

అప్పుడర్థమైంది. నేను తెర ఆర్పి ఇంటికి పోయినా లోపలే ఉన్నాను. కాటా కదిలినప్పుడల్లా వచ్చే అంకెలన్నిటినీ నా పేరు మీద ఆ యంత్రం రోజుల తరబడి రాసుకుంటూనే ఉంది. గుమస్తా తుడిచింది ఆ ఫైలునే. పట్టుకుని కూర్చున్నది నేను.

"నేను అక్కణ్ణించి బలవంతంగా లాగితే ఇందాకటి తూకం పోతుంది. మీరే మర్యాదగా బయటికి రండి. కండువా తియ్యండి బావగారూ" అన్నాడు. అక్షరాలు ఆయన చెప్పాడు, నేను కొట్టాను. తెర ఒక్కసారి నల్లబడి, కొత్తగా పేరడిగింది. లోపల చోటే చోటు.

రైతమ్మ ట్రాక్టరు షెడ్డులోకి వెళ్ళాక చినుకులు మొదలయ్యాయి. వరస చివర ఉన్నవి మాత్రం తడిశాయి. ఆయన వరండాలో నిలబడి వాటినే చాలాసేపు చూశాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

"ఎవడయ్యా కారణం?" అని ఓనరు అడిగాడు.

"ఒక డీమన్ పట్టుకుని కూర్చుందండీ. వదిలించాను" అన్నాడు ఆయన, నా వైపు చూడకుండా. యంత్రంలో ఎవరికీ కనపడకుండా పనిచేసే వాటిని అలాగే అంటారట. ఓనరుకి వినపడింది దెయ్యమని. శుక్రవారం సర్వరు ముందు గుమ్మడికాయ కొట్టించాడు. తీరిగ్గా ఆలోచిస్తే నాకు మిగిలింది ఒకటే. మా వియ్యంకుడు నన్ను దెయ్యమన్నాడు, నేను తిరిగి అనలేకపోయాను.

ఆ తర్వాత నేను ఒక్కరోజు కూడా మరవలేదు. రోజూ సాయంత్రం ఆఫీసు నుంచి కాటా గదికి ఫోను చేసేవాడు. "బయటికొచ్చారా, బావగారూ?"

అప్పటికే వచ్చేసి ఉండేవాణ్ణి. అయినా, "అయ్యో, మర్చిపోయానండీ!" అనేవాణ్ణి.

అంతే, మోకాళ్ళ నొప్పులతో, గొడుగు ఊతం పట్టుకుని, తలమీద నుసితో ఆ యార్డంతా దాటి వచ్చేవాడు. తెర చూసేవాడు. "వచ్చేశారుగా!" అనేవాడు. "అవునా? మీ అడుగుల చప్పుడికే అదే బయటికొచ్చి ఉంటుంది" అనేవాణ్ణి. "మీకు యంత్రం ఎందుకండీ, రోలు చాలు" అని గొణుక్కుంటూ స్టూలు లాక్కుని కూర్చునేవాడు. టీ వచ్చేది, గాజుగ్లాసుల్లో. ఆయన బస్సు టైము దాకా కబుర్లు. మిల్లు వదిలేదాకా రోజూ అదే అబద్ధం, అదే నడక. ఇంత తెలివైనవాణ్ణి రోజూ బోల్తా కొట్టిస్తున్నానని నాకు ఎంత సంబరమో.

మొన్న పెద్దకర్మ రోజు బ్రాడీపేట ఇంట్లో మా మనవరాలితో ఇది చెప్పి నవ్వించబోయాను. మా ఇద్దరికీ అదొక్కతే మనవరాలు. నన్ను కాటా తాతయ్య అంటుంది, ఆయన్ను కంప్యూటర్ తాతయ్య అనేది. ఆ చదువే చదువుతోంది. అది నవ్వలేదు.

"తాతయ్యా, లోపల ఎవరెవరున్నారో ఆయన కుర్చీలోంచే కనపడుతుంది. ఒక్క ముక్క కొడితే పేర్లన్నీ వచ్చేస్తాయి."

"అంటే?"

"అంటే, ఫోను చేసే ముందే ఆయనకు తెలుసు, నువ్వు బయటికొచ్చేశావని."

నేను లేచి వరండాలోకి వెళ్ళాను. మళ్ళీ లోపలికొచ్చాను. మళ్ళీ వెళ్ళాను. ఆ మోకాళ్ళతో, అంత నుసిలో, ఆ యార్డు.

సాయంత్రం గుంటూరులో ఒంగోలు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. పక్క సీటు మీద కండువా పరిచాను. బస్సు నిండిపోయింది. చేతిలో సంచీతో ఒక పెద్దమనిషి వచ్చి, "ఇక్కడెవరన్నా ఉన్నారా అండీ?" అన్నాడు.

"ఉన్నారు. టీ తాగడానికి దిగారు."

బస్సు కదిలింది. "ఏరండీ, ఆయన రాలేదే?"

"వస్తారు. మోకాళ్ళ నొప్పులు. నిదానంగా వస్తారు."

ఆయన నన్నొక చూపు చూసి, కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఎవరో గానీ, ఇది చదివితే మన్నించండి. ఆ సీట్లో ఎవరూ లేరు. చిలకలూరిపేటలో నేను దిగిపోయినా బస్సు ఆ కండువాతోనే ఒంగోలు వైపు వెళ్ళిపోయింది. కండువా ఏదీ అని మా ఆవిడ అడిగితే, మర్చిపోయానన్నాను.