జెండాకు గోరంత సున్నం

మొన్న పసుపు మరక పడిన తువ్వాలుకు సబ్బు రాయగానే మరక కాస్తా ఎర్రబడింది. మన ఈడు ఆడవాళ్లెవరికీ ఇది వింత కాదు గానీ, నేను మాత్రం ఆ తువ్వాలు పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడిపోయాను.

అవి డెబ్బైల చివరి రోజులు. జంషెడ్‌పూర్ భాలుబాసాలో మా సందంతా శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ఉక్కు పనిలో కుదిరినవాళ్లే. పంద్రాగస్టుకి సందు మొగలో ఎగరేసే జెండా మా ఇంట్లోనే తయారయ్యేది, కొన్న జెండా నాన్న కంటికి ఆనేది కాదు మరి. అమ్మ పాత చీరలోంచి ఒక ఆకుపచ్చ ముక్క, నాన్న పాత పంచెలోంచి రెండు ముక్కలు. వాటిలో ఒకటి తెల్లగానే ఉంచి, రెండోదాన్ని అమ్మ పసుపునీళ్లలో గోరంత సున్నం కలిపి ముంచితే సరిగ్గా కాషాయం తేలేది. నడుమ చక్రాన్ని నాన్న నీలిమందుతో గీస్తూ, చుట్టూ మూగిన పిల్లలకు కాషాయం త్యాగమనీ, తెలుపు సత్యమూ శాంతీ అనీ, ఆకుపచ్చ పంటలనీ చెప్పేవాడు. పంటల దగ్గరికి వచ్చేసరికి, ఊళ్లో వదిలేసి వచ్చిన మడిచెక్క గుర్తొచ్చేదేమో, గొంతు కాస్త తగ్గేది.

నాకు పన్నెండో ఏడు నడుస్తుండగా, ఎండాకాలంలో, నాన్న జ్వరంతో పోయాడు. అమ్మకు తెల్లచీర కట్టారు. ఆ ఆగస్టులో జెండా మాట ఎలా ఎత్తాలో తెలియక సందులోవాళ్లు మొహమాటపడుతుంటే, అమ్మే పెట్టె తీసి నాన్న పంచె బయటపెట్టింది. మిగిలినవన్నీ దానమిచ్చేశారు, అదే ఆఖరిది. పసుపు తను ముట్టకూడదు, పైగా నాయనమ్మ ఎదురుగానే కూర్చుంది. అందుకని నన్ను గిన్నె ముందు కూర్చోబెట్టి తను గుమ్మంలోంచే చెప్పసాగింది.

"గోరంతే ఎయ్యే. ఎక్కువైతే ఎర్రగైపోద్ది."

"మాలూమ్ హై, మా!" అని, నాకు తెలుసులే అన్నట్టు బడి హిందీలో విసుక్కున్నాను. నిజానికి ఆ తెల్లచీరలో అమ్మను చూడలేకపోయేదాన్ని. అటు తిరక్కుండానే చెంచాడు సున్నం వేసేశాను. నీళ్లు ఎర్రబడుతుంటే గిన్నె దాకా వచ్చిన అమ్మ చెయ్యి మళ్లీ వెనక్కి పోయింది.

మర్నాడు ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ ఎగిరాయి. శుభమా అని జెండా ఎగరేస్తుంటే ఎదురుపడకూడదని అమ్మ కిటికీలోంచే చూసింది. ఏడుస్తూ వచ్చిన నన్ను దగ్గరికి తీసుకుని, "ఊరుకోవే. తెలుపొక్కటీ బాగా కుదిరినాది," అంది.

ఇప్పుడు జెండాలు మిల్లు గుడ్డతో వస్తున్నాయి, రంగు వెంట్రుకవాసి తేడా రాదు. భర్త పోయిన ఆడవాళ్లు పసుపూ ముడుతున్నారు, నచ్చిన రంగూ కడుతున్నారు. చూస్తే సంతోషంగానే ఉంటుంది. నా మొదటి జీతంతో అమ్మకు కొన్న కాషాయం రంగు చీర మాత్రం మడత విప్పకుండానే పెట్టెలో ఉండిపోయింది, ఆమె వెళ్లిపోయింది. ఆ ఏడు జెండాలో అమ్మకు మిగిలింది గుమ్మంలోంచి చెప్పే ఆ ఒక్క మాటే. అదీ నేను వినలేదు.