నాయినమ్మ మౌనవ్రతం

మెదక్‌లో మా ఇంట్లో ఒక శనివారం మధ్యాహ్నం, సరిగ్గా భోజనాల వేళ జరిగిన ఘోరం గురించి చెబుతాను. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, పోలీసులు రాలేదు. పోయిందల్లా నా పరువు ఒక్కటే. అది అప్పటికే అంతంతమాత్రంగా ఉన్న సరుకు కాబట్టి పెద్ద నష్టమని కూడా చెప్పలేను. మీరు మొహమాటపడకుండా నవ్వండి. మా వీధివాళ్ళు నవ్వి నవ్వి అలిసిపోయారు, ఇక మీ వంతు.

అప్పుడు నేను ఐర్లండ్‌లోని ఒక యూనివర్సిటీలో ఎమ్మెస్సీ సీటు సంపాదించి, నేల మీద కాళ్ళు ఆనకుండా తిరుగుతున్నాను. కానీ సీటుకు ఒక మెలిక ఉంది. అక్కడికి వెళ్ళేముందే ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో వాళ్ళ ఇంగ్లీషు కోర్సు చెయ్యాలి. అందులో నూటికి అరవై రావాలి. రాకపోతే సీటు లేదు, ఎమ్మెస్సీ లేదు, మా బాపు విత్తనాల దుకాణంలో మిరప ప్యాకెట్లు సర్దుకుంటూ కూర్చోవడమే.

మా టీచరు గ్రాహం సార్. లాప్‌టాప్‌లో భుజాల దాకా కనిపించే పెద్దమనిషి. ఏది చెప్పినా నమ్మే మనిషి. ఆయన ప్రతి వారం మాతో 'రిఫ్లెక్షన్' అని ఒకటి రాయించేవారు. అంటే, ఈ వారం ఇంట్లో, బజార్లో ఎవరితో ఇంగ్లీషులో ఏం మాట్లాడావు, ఎక్కడ తడబడ్డావు, దానివల్ల ఏం తెలుసుకున్నావు అని మన గురించి మనమే చెప్పుకోవాలి. వినడానికి తేలిగ్గానే ఉంది. మెదక్‌లో ఎవరితో మాట్లాడాలో మాత్రం ఆయన చెప్పలేదు.

నేను ప్రయత్నించలేదనుకోకండి. మొదట అమ్మ దగ్గరికి వెళ్ళాను. అన్నం తింటూ చాలా మర్యాదగా, "మదర్, కుడ్ యూ ప్లీజ్ పాస్ ది సాల్ట్?" అన్నాను.

"ఉప్పు నీ ముంగటనే ఉన్నది. కండ్లు కనవడ్తలేవా?" అంది అమ్మ.

తర్వాత దుకాణానికి వెళ్ళి కౌంటర్లో నిలబడ్డాను. కుల్చారం నుంచి ఒక రైతు మిరప విత్తనాల కోసం వచ్చాడు. "గుడ్ మార్నింగ్ సర్, హౌ మే ఐ హెల్ప్ యూ?" అన్నాను చిరునవ్వుతో. ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి, గొంతు తగ్గించి బాపుతో, "ఏమైంది సేటూ, బిడ్డకు పానం బాగలేదా? దవాఖానల సూపియ్యలేదా?" అన్నాడు. ఆ రోజు నుంచి బాపు నన్ను దుకాణం మెట్లెక్కనివ్వలేదు.

ఇక ఏం చెయ్యను? ఊహాశక్తిని నమ్ముకున్నాను. మా ఇంట్లో ప్రతి సాయంత్రం 'ఇంగ్లీషు గంట' ఉంటుందని రాశాను. అమ్మ, బాపు, నాయినమ్మ, నేను వరండాలో కూర్చుని దేశ విదేశాల సంగతులు ఇంగ్లీషులో చర్చించుకుంటామని రాశాను. మరీ అబద్ధమని కొట్టిపారెయ్యకండి. మేం సాయంత్రం వరండాలో కూర్చునే మాట నిజం. నాయినమ్మ ప్రపంచాన్నంతా తిట్టే మాట కూడా నిజం. నేను ఆ తిట్లను కాస్త దులిపి, ఉతికి, ఇంగ్లీషు బట్టలు తొడిగి పంపించేదాన్ని, అంతే. "వాన దేవునికి సిగ్గు లేదు" అని నాయినమ్మ అంటే, వాతావరణ మార్పుల గురించి మా నాయినమ్మ ఆందోళన వ్యక్తం చేశారని రాసేదాన్ని.

గ్రాహం సార్ నాయినమ్మకు వీరాభిమాని అయిపోయారు. "మీ నాయినమ్మది ఎంత గొప్ప బుద్ధి! ఆమెతో ఒక్కసారి మాట్లాడాలని ఉంది" అని కామెంట్లు పెట్టేవారు. నా మార్కులు పెరుగుతున్నాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఇంతలో 'ఆహ్వానించడం' అనే పాఠం వచ్చింది. క్లాసులో ఎవరినైనా ఇంగ్లీషులో ఆహ్వానించాలట. నేను వెనకా ముందూ చూడకుండా, "సార్, మీరు ఇండియాకు వస్తే మా ఇంట్లో భోజనం చెయ్యాల్సిందే, వేరే మాట వినను" అన్నాను. మా దగ్గర ఇది ఎంత మామూలు మాటో మీకు తెలుసు. గేటు ముందు నుంచి ఎవరు పోయినా, నోట్లో ముద్ద పెట్టుకునే, "రాండ్రి, తిందురు" అంటాం. వాళ్ళు నడక ఆపకుండానే, "ఇప్పుడే తిన్న, మీరు తినుండ్రి" అంటారు. ఇద్దరూ తృప్తిపడతారు. ఆ "ఇప్పుడే తిన్న" అనే మాట పాపం గ్రాహం సార్‌కు ఎవరూ నేర్పలేదు.

ఆయన డైరీ తెరిచారు. "భలే! వచ్చే వారం యూనివర్సిటీ పని మీద హైదరాబాద్ వస్తున్నాను. శనివారం ఖాళీ. భోజనం ఎన్నింటికి? నేను శాకాహారిని" అన్నారు. సోమవారం మాకు చివరి మార్కులు వేస్తానని కూడా గుర్తుచేశారు. నా లాప్‌టాప్‌లో నా మొహం చిన్న డబ్బాలో కనిపిస్తోంది. అది నవ్వుతోంది గానీ, ఆ నవ్వు నాది కాదు.

ఇంట్లో చెప్పగానే బాపు కుర్చీలోంచి లేచాడు.

"మాటవరసకు పిలిస్తే నిజంగనే వస్తుండా? ఏం మనిషే గాయన?"

"గ్యాస్ అయిపోవస్తున్నది, గిప్పుడే రావాల్నా?" అంది అమ్మ.

"అది కాదమ్మా, అసలు ముచ్చట వేరే ఉన్నది" అని ఇంగ్లీషు గంట సంగతి బయటపెట్టాను.

"అంటే నేను ఇంగ్లీషు మాట్లాడ్తనని రాసినవా?" అన్నాడు బాపు.

"నువ్వు కొంచెమే బాపూ. నాయినమ్మ మస్తు మాట్లాడ్తది."

నాయినమ్మ తమలపాకు నములుతూ, "ఏం మాట్లాడిన?" అంది ఆసక్తిగా. చెప్పాను. "మంచిగనే మాట్లాడిన" అంది తృప్తిగా.

ఆ వారమంతా ఇంట్లో రిహార్సల్సే. బాపుకు పెద్దగా భయం లేదు. విత్తనాల వ్యాపారంలో ఇంగ్లీషు పదాలకు కొదవ లేదు, హైబ్రిడ్, జెర్మినేషన్, స్టాక్, డెలివరీ అంటూ నెట్టుకురాగలడు. అమ్మ వంటింట్లోంచి ఎక్కువ రాకుండా, వచ్చినప్పుడు నవ్వితే చాలు. నాయినమ్మే గండం. ఆమెకు ఇంగ్లీషు రాదు, అది సమస్య కాదు. ఆమెకు మాట్లాడకుండా ఉండటం రాదు. పుట్టినప్పటి నుంచి నిద్రలో తప్ప నోరు మూసి ఎరగదు, నిద్రలో కూడా నాకు అనుమానమే.

అప్పుడు నా బుర్రలో ఆ మహత్తరమైన ఆలోచన మెరిసింది. శనివారం నాయినమ్మకు మౌనవ్రతం అని చెప్పేద్దాం! విదేశీయులకు ఇలాంటివంటే గౌరవం. ఎవరూ ఒక్క ప్రశ్న అడగరు.

"రెండు గంటలు ఒక్క మాట గూడ మాట్లాడొద్దు నాయినమ్మా. నా సీటు నీ నోట్ల ఉన్నది" అని కాళ్ళమీద పడ్డాను.

"దేవుడు నోరిచ్చిందే మాట్లాడనీకి" అని సణిగింది గానీ, నా మొహం చూసి జాలిపడి ఒప్పుకుంది.

శనివారం గ్రాహం సార్ కారు దిగారు. లాప్‌టాప్‌లో భుజాల దాకానే చూశాను కదా, మిగతా మనిషి చాలా ఉన్నాడు. గుమ్మంలో తల వంచి లోపలికి వచ్చి, వస్తూనే, "మీ నాయినమ్మగారు ఎక్కడ?" అన్నారు. నేను బాధ నటిస్తూ మౌనవ్రతం గురించి చెప్పాను. ఇక్కడితో అయిపోతుందనుకున్నాను. కానీ ఏది చెప్పినా నమ్మే మనిషితో వచ్చే కష్టమే అది, మనం చెప్పినదానికంటే ఎక్కువ నమ్ముతాడు.

ఆయన కళ్ళు చెమర్చాయి. "అయితే ఆమె గౌరవార్థం నేను కూడా మౌనం పాటిస్తాను" అని నాయినమ్మకు ఎదురుగా కూర్చుని నోరు మూసేశారు.

ఇల్లంతా నిశ్శబ్దం. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేం లేదు. బాపు కంఠతా పట్టిన హైబ్రిడ్, జెర్మినేషన్ గొంతులోనే ఉండిపోయాయి. అమ్మ వడ్డించడం మొదలుపెట్టింది. అన్నం, పుంటికూర పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు. ఆయన ఇష్టంగానే తిన్నారు. ప్లేటు ఖాళీ కాగానే అమ్మ మళ్ళీ పెట్టింది. ఆయన చెయ్యి ఊపారు. మా ఇంట్లో చెయ్యి ఊపితే మొహమాటపడుతున్నారని లెక్క, గట్టిగా అరిస్తే తప్ప వద్దన్నట్టు కాదు. ఆయన అరవలేరు, మౌనంలో ఉన్నారు కదా! అమ్మ ఇంకో గరిటె వేసింది. ఆయన రెండు చేతులూ జోడించారు. దండం పెడుతున్నారనుకుని అమ్మ మురిసిపోయి నెయ్యి పోసింది.

నేను చెబుదామనుకున్నాను. కానీ నేను నోరు తెరిస్తే మౌనం చెదిరి సంభాషణ మొదలవుతుంది, మొదలైతే నా బండారం బయటపడుతుంది. సీటు కోసం గురువును బలి ఇచ్చాను, ఇంతకంటే ఏం చెప్పను. ఆయన మొహం టమాటా పండులా ఎర్రబడింది. నుదుటి మీద చెమట కారుతోంది. అమ్మ నాలుగో సారి గరిటెతో వంగింది.

"ఆపవే!" అని ఒక గావుకేక.

నాయినమ్మ లేచి నిలబడింది. "ఆపు, మనిషి సచ్చేటట్టున్నడు! నీ బువ్వ పాడుగాను! కండ్లల్ల నీళ్ళు తిరుగుతున్నయ్, కనవడ్తలేదా? ఇగో, ఈ పిల్ల మాట ఇని ఇంతసేపు నోరు మూసుకున్న. ఇంగ గాదు! వ్రతం లేదు, గిత్రం లేదు. మాకు ఇంగ్లీషు రాదయ్యా, ఎన్నడు రాలే! ఇంగ్లీషు గంట లేదు, ఏం లేదు. అంతా ఇదే రాసింది, మార్కుల కోసం. జర మజ్జిగ దాగు, అరుగుతది!"

గ్రాహం సార్ బెదిరిపోయి నావైపు తిరిగారు. "నా వల్ల ఆమె వ్రతం చెడిందా? ఏమంటున్నారు?"

నేను గొంతు సవరించుకుని ఇంగ్లీషులో, "మజ్జిగ తాగమంటోంది" అన్నాను.

నాయినమ్మకు ఇంగ్లీషు రాదు గానీ, కొలతలు తెలుసు. "ఏందే? నేను గంత చెప్తే గింతేనా అది? సగం మింగినవ్. అంతా చెప్పు!"

"ఇప్పుడేమంటున్నారు?" అన్నారు సార్.

తప్పలేదు. నోరు తెరిచి, ఎవరినీ ఉద్ధరించకుండా, ఎవరికీ కొత్త బట్టలు తొడగకుండా, నాయినమ్మ అన్నదంతా చెప్పాను. నా బండారాన్ని నేనే పరాయి భాషలోకి అనువదించుకోవడం ఎలా ఉంటుందో మీకు చెప్పలేను. సిగ్గుతో చచ్చిపోయాను. ఐర్లండ్ విమానం నన్ను వదిలేసి వెళ్ళిపోతున్న చప్పుడు కూడా వినిపించింది.

గ్రాహం సార్ మజ్జిగ తాగి, నెమ్మదిగా అన్నారు: "మీ ఇంగ్లీషు గంట మీద నాకు ఒక చిన్న అనుమానం ఉండేది, అయినా నమ్మాను. ఏ ఇంట్లోనైనా ఒకరి మాట పూర్తయ్యేదాకా ఇంకొకరు ఆగుతారా? నువ్వు రాసినదాంట్లో మాత్రం అందరూ ఆగుతున్నారు. ఆ రాసినవన్నీ తీసేసి, నిజంగా జరిగింది మళ్ళీ రాయి. మాట్లాడే పరీక్ష మాత్రం ఇప్పుడే పెడతాను. నేను ఆమెను అడుగుతాను, నువ్వు చెప్పు."

ఇక చూడండి. ఆయన మోకాళ్ళ నొప్పుల దగ్గర మొదలుపెట్టారు, నాయినమ్మ అల్లాదుర్గ్‌లో తన పుట్టింటి దాకా వెళ్ళింది. వాన, ధరలు, మా పక్కింటివాళ్ళ కుక్క, బాపు చిన్నప్పుడు బడి ఎగ్గొట్టిన సంగతి, ఏదీ వదల్లేదు. మధ్యలో బాపు, "అది గట్ల కాదమ్మా" అంటే, అది కూడా చెప్పాల్సి వచ్చింది. ఎక్కడైనా ఒక వాక్యం తగ్గిస్తే, "మళ్ళ మింగినవ్" అని నాయినమ్మ పట్టేసుకునేది. నా నాలుక పిడచకట్టుకుపోయింది. కోర్సు మొత్తంలో మాట్లాడనంత ఇంగ్లీషు ఆ మధ్యాహ్నం మాట్లాడాను.

చివరికి సార్ లేస్తూ, మాటవరసకు నవ్వుతూ నాయినమ్మను అడిగారు, అదీ నేనే తెలుగులో చెప్పాను. "ఇంతసేపు విన్నారు కదా. మీ మనవరాలికి నూటికి ఎన్ని మార్కులు వెయ్యమంటారు?"

అది మర్యాదకు అడిగిన మాట. నాయినమ్మ మాత్రం కళ్ళు మూసుకుని లెక్కలు వేసింది.

"ముప్పై అయిదు" అంది.

"నాయినమ్మా!"

"పాసైతవ్ కదనే. మీ బాపు పదో తరగతి గన్నిట్లనే పాసయిండు. ఎక్కువిస్తే నెత్తికెక్కుతది."

"ఏమంటున్నారు?" అన్నారు సార్, పెన్ను తీసి.

"ఒక్క నిమిషం సార్" అని నాయినమ్మ ముందు మోకాళ్ళమీద కూలబడ్డాను. "నీ కాల్మొక్త, అక్కడ ముప్పై అయిదు వస్తే ఫెయిలే! అరవై రావాలె!"

"అరవయ్యా?" నాయినమ్మ నమ్మలేనట్టు చూసింది. "గంత ఎందుకిస్తరే? మా పిల్లలనేమో ముప్పై అయిదుకే ఏడిపించిరి." బేరం చాలాసేపు నడిచింది. నలభై దగ్గర మొండికేసింది, యాభై దగ్గర అలిగింది. అమ్మ బతిమిలాడింది, బాపు తన మార్కుల ఊసెత్తొద్దని వేడుకున్నాడు. ఆఖరికి ఆమె వేలు చూపిస్తూ, "సరే, అరవై. ఒక్కటి గూడ ఎక్కువియ్యొద్దని చెప్పు. అది గూడ మింగకుండ చెప్పు" అంది.

చెప్పాను. మింగకుండానే చెప్పాను.

సోమవారం ఫలితాలు వచ్చాయి. అరవై. పక్కన అర మార్కు కూడా లేదు.

అందుకే దేవుడి పటం ముందు చెయ్యి పెట్టి ఒట్టు వేశాను: ఈ జన్మలో ఏ దేశంలోనైనా, ఏ సీటు కోసమైనా, నాయినమ్మకు మౌనవ్రతం పెట్టించను. ఒట్టు వేస్తుంటే వెనక నుంచి నాయినమ్మ, "గట్టిగ అను, సగం మింగుతున్నవ్" అంది.