దేంట్ల పది

మా కనకమ్మంత మొండిది ఇంకోతి లేదు. హైటెక్ సిటీల ఒకే బిల్డింగుల ఆరేండ్ల సంది ఇద్దరం హౌస్‌కీపింగ్ చేస్తున్నం, నాకు తెల్వదా? తొమ్మిదిల బడి బందైన మనిషి నలభై ఏండ్లకు ఓపెన్ టెన్త్ కట్టింది. టెన్త్ పాసైతెనే సూపర్‌వైజర్ జేస్తరట. పనేమో మా అందరికన్న ఆమెకే ఎక్కువొచ్చు. ఈ వయసుల నీకెందుకే ఈ పరేషాన్ అని నేనే మస్తు ఎక్కిరిచ్చిన.

అన్నీ వచ్చినయ్ గని, భిన్నాల కాడ ఆగింది. సగం, మూడో వంతు కలుపమంటె పైనయి పైన, కిందయి కింద కలిపి అయిదిట్ల రెండు అని రాసేది. అది సగం కన్న తక్కువాయె. కలిపితె తగ్గుడేందమ్మా అని బిడ్డ ప్రవళిక కసిరింది. కనకమ్మ పుస్తకం మూసి, ఇగ నాతోని గాదన్నది.

మొగడు ఓదెలు కార్పెంటర్. బాచుపల్లి ఫ్లాట్లల్ల అల్మారలు జేస్తడు, మాట తక్కువ. ఆయన టేపు ఒక అడుగు గుంజి ఆమె ముందట పెట్టిండట. అడుగుకు పన్నెండు అంగుళాలు గద, సగమంటె ఆరు, మూడో వంతంటె నాలుగు, కలిపితె పది అని చూపిచ్చిండు. రెండిటినీ ఒక్క తీరు ముక్కలు జేస్తెనే కలుస్తయని అప్పుడు సమజైంది. తెల్లారి ఫ్లోర్ తుడుసుకుంట నాకు గూడ చెప్పింది. నాకూ వచ్చింది, నవ్వకుండ్రి.

పరీక్షల అసొంటి లెక్కనే వచ్చింది. రైతు పొలంల సగం ఒక దినం దున్నిండు, మూడో వంతు ఇంకో దినం దున్నిండు, మొత్తం ఎంత వంతు? రెండు మార్కులు. కనకమ్మ టకటక జేసి, పది అంగుళాలు అని రాసొచ్చింది. ఆ మాట ఇనంగనే ప్రవళిక తల పట్టుకున్నది. పొలం పది అంగుళాలు దున్నిండా అని మేమంత పడి పడి నవ్వినం. ఆమె గూడ నవ్వింది.

రిజల్ట్ నాడు ఎవ్వరం నవ్వలే. లెక్కలల్ల ముప్పై అయిదు గావాలె, ముప్పై మూడొచ్చినయ్. అంత నవ్వినందుకు నా మీద నాకే కోపమొచ్చింది.

కనకమ్మ ఏడ్వలే. ఫోన్ల మార్కులు రెండుసార్లు చూసుకున్నది.

"లెక్క నాకొచ్చింది జయమ్మా. పది అని రాసిన గని, దేంట్ల పదో రాయలే."

తెల్లారి, మళ్ల ఫీజు కడ్తవా అని అడిగిన. బకెట్ల మాప్ పిండుకుంట, పొద్దుగాలనే కట్టిన అన్నది.