దర్జీ మెడలో టేపు

మెడలో టేపు లేకపోతే ఆ దర్జీకి ఒంటిమీద చొక్కా లేనట్టే ఉంటుంది. ముప్పై ఏళ్లుగా అన్నం తినేటప్పుడు కూడా దాన్ని తీసిన పాపాన పోలేదు.

కుక్కల షెల్టర్ నుంచి ఆరేళ్ల కుక్కను తెచ్చుకుందామని ఇంట్లో పోరు పెట్టింది ఆయనే. "పిల్లలనైతే అందరూ ఎగరేసుకుపోతారు. పెద్దదాని మొహం ఎవరు చూస్తారే" అని భార్యను పంపి తెప్పించాడు. అది ఆమె కాళ్ల దగ్గర పడుకునేది, కూతురి చేతిలో తినేది. ఆయన గుమ్మంలో అడుగు పెడితే మాత్రం మంచం కిందికి దూరి, ఉన్నచోటే తడిపేసేది.

మూడు నెలలు దాన్ని బతిమాలాడు. "నన్ను చూస్తేనే దాని పైప్రాణాలు పైనే పోతున్నాయి. ఎందుకొచ్చిన ఉసురు" అని చివరికి ఆయనే వెనక్కి అప్పగించి వచ్చాడు.

నెల తిరక్కుండానే మనసు పీకుతుంటే రొట్టె పట్టుకుని చూడబోయాడు. అక్కడి కాపలా ముసలాయన గేటు దగ్గరే ఆపాడు. "ఆ టేపు తీసి లోపలికెళ్లు నాయనా. దాన్ని పాతవాళ్లు బెల్టుతో చావబాదారు. మీ ఆవిడకు చెప్పే పంపానే."

నిజమే, ఆమె వచ్చి చెప్పింది. "మనింట్లో బెల్టు పెట్టుకునేవాళ్లెవరున్నారు" అని ఇద్దరూ నవ్వుకున్నారు కూడా. ఏం నవ్వో అది.

టేపును జేబులో కుక్కుకుని, బోసి మెడతో దాని ముందు కూర్చున్నాడు. అది వణకలేదు, దాక్కోలేదు. ఎవరొచ్చినా తనకిక పనిలేనట్టు గోడవైపు తిరిగి పడుకుంది.