మూడో నంబరు బిళ్ళ

ఆ రోజుల్లో, గోదావరిఖనిలో కొత్తగా కొలువులో చేరినప్పుడు, నేను ఆడిన అబద్ధాలు చాలామటుకు ఎవరికీ నష్టం చెయ్యనివే. కడుపునొప్పని డ్యూటీ ఎగ్గొట్టడం, వేళకు తింటున్నానని అమ్మకు ఉత్తరం రాయడం లాంటివి. కానీ ఒక సాయంత్రం ‘మూడు’ అని ఒక్క మాట అన్నాను. అది అబద్ధమని ఇరవై అయిదేళ్లు ఎవరికీ చెప్పలేదు. నేను చెప్పనందుకు ఒక పెద్దమనిషి తన మతి మీద తానే నమ్మకం పోగొట్టుకున్నాడు.

ఆయన మా కాక. (చుట్టరికం లేదు. ఆయన ఇంటి వెనక గదిలో అద్దెకుండేవాణ్ణి. ఆయన భార్య చిన్నమ్మ చేతి పప్పుచారు తిన్న వారానికే చుట్టరికం కుదిరింది.) కాక ల్యాంపు రూములో ముప్పై ఏళ్లు చేసి రిటైరయ్యాడు. గనిలోకి దిగేవాడికి దీపం ఇవ్వడం, పైకి రాగానే తిరిగి తీసుకోవడం ఆయన పని. షిఫ్టు అయ్యాక ఒక్క దీపం తక్కువైనా ఒక మనిషి ఇంకా కిందనే ఉన్నాడని అర్థం. అట్లాంటి మనిషి రిటైరై ఊరికే ఉంటాడా? చిన్నమ్మ పెంచే మూడు బొచ్చుకుక్కలకు డ్యూటీ వేశాడు. ఇంటి వెనక ఓపెన్ కాస్ట్ గని తవ్విపోసిన మట్టిగుట్టలు, వాటి మీద తుమ్మపొదలు, పొదల నిండా నక్కలు. పొద్దుగూకితే కిందికి దిగేవి. ముందు మా వాడకట్టు కోళ్లు పోయాయి, తర్వాత పక్కింటివాళ్ల కుక్కపిల్ల పోయింది. దాంతో కాక బొగ్గు మోసే పాత కన్వేయరు బెల్టు ముక్కలు, ఇనుప జాలీతో పెరట్లో గట్టి గూడు కట్టాడు. గూటి పక్కన ఒక పలక, దానికి రెండు వరసల మేకులు, పైన ‘బయట’, కింద ‘లోపల’. కుక్కకొకటి చొప్పున నంబరు కొట్టిన మూడు రేకు బిళ్ళలు. పొద్దున బిళ్ళలు పై వరసకు, చీకటి పడేముందు కింది వరసకు. రాణి, బుజ్జి, లడ్డు అని చిన్నమ్మ ముద్దుగా పిలిచేది గానీ, కాకకు అవి ఒకటో నంబరు, రెండో నంబరు, మూడో నంబరే. ఈ లడ్డు డంపరు లారీ మీదికి ఉరికి మొరిగేది, ఉడుత కనబడితే నా మంచం కిందికి దూరేది.

మసక వెలుతురులో కాకకు చూపు ఆనేది కాదు. అందుకని సాయంత్రం లెక్క నాకు అప్పజెప్పాడు. “మొకం జూసినంకనే బిళ్ళ మార్చాలె పిలగా. బిళ్ళను జూసి మొకం అనుకోవద్దు” అని మొదటిరోజే చెప్పాడు.

ఆ సాయంత్రం గేటు దగ్గర దోస్తు స్కూటరు హారను ఆపకుండా కొడుతున్నాడు, ఫస్ట్ షోకు. గూట్లో రెండు తెల్లతోకలు కనిపించాయి. మూడోది ఆ వెనకే ఉండి ఉంటుందిలే అనుకుని, మూడు బిళ్ళలూ కిందికి మార్చి గొళ్లెం పెట్టేశాను.

“మూడు అచ్చినయారా పిలగా?” అని లోపలినుంచి కాక.

“మూడు, కాకా!”

“మొకాలు జూసినవా?”

“జూసిన కాకా! ఇగ ముద్దుగిన వెట్టుకోమంటవా?”

నా హాస్యానికి నేనే నవ్వుకుంటూ వెళ్లిపోయాను. (ఆ సినిమా పేరు కూడా ఇప్పుడు గుర్తులేదు.)

తెల్లవారి పళ్లు తోముకుంటుంటే, పొయ్యికి బొగ్గు తేబోయిన చిన్నమ్మ గంప పారేసి అరిచింది. “అయ్యో, బొగ్గు మూలుగుతున్నదయ్యో!” వెళ్లి చూస్తే కుప్పలో ఒక పెద్ద బొగ్గుపెళ్లకు రెండు కళ్లున్నాయి. లడ్డు. తెల్లబొచ్చు జాడే లేదు. నాకు నవ్వాగలేదు. చిన్నమ్మ కొంగుతో తుడుస్తుంటే ఎడమచెవి సగమే మిగిలి ఉంది. చుట్టూ మట్టిలో నక్క అడుగులు. నా నవ్వు పళ్లపొడితో సహా గొంతులోకి పోయింది.

కాక పలక చూశాడు. మూడు బిళ్ళలూ లోపలే. “పిలగాడు జూసే ఏసిండు. ఆడు పోయినంక నీళ్లగిన్నె వెట్టుదామని గూటి తలుపు తీసింది నేను. అప్పుడే దాటింది. నాకు కానరాలే.”

అప్పుడే చెప్పాల్సింది. నోటినిండా నురగ ఉందని నాకు నేనే సాకు చెప్పుకున్నాను. నురగ పోయాక గది ఖాళీ చెయ్యమంటాడని భయం, పప్పుచారు పోతుందని బెంగ.

“పానం దక్కింది, ఊకో” అంది చిన్నమ్మ.

“ముప్పై ఏండ్లల్ల ఒక్క మనిషి లెక్క తప్పలే. ఇంట్ల కుక్క లెక్క తప్పిన” అన్నాడు కాక. ఆ రోజే పలక పీకేశాడు. వారం తిరక్కముందే మూడు కుక్కలనూ రామకృష్ణాపూర్‌లో ఉన్న కూతురి ఇంటికి పంపించాడు. ఆ తర్వాత తాళం వేసి, పది అడుగులు నడిచి, “ఏసిన్నా?” అని చిన్నమ్మను అడిగేవాడు. పెంటలో పడున్న మూడో నంబరు బిళ్ళ తీసి నా ట్రంకుపెట్టెలో దాచుకున్నాను. ఎన్ని ఇళ్లు మారినా అది నాతోనే వచ్చింది.

పోయిన నెల రామకృష్ణాపూర్ వెళ్లాను. చిన్నమ్మ లేదిప్పుడు. కాక బిడ్డ దగ్గరే ఉంటున్నాడు. గుమ్మంలోనే ఆ అక్క గొంతు తగ్గించి అంది: “నాయిన మాటలు పట్టించుకోకు తమ్మీ. అన్ని మరుస్తడు. ఆ కుక్క లెక్క తప్పిన కాడికెల్లి గట్లనే.”

బిళ్ళ కాక చేతిలో పెట్టాను. బొటనవేలితో తడిమి, “మూడో నంబరు” అన్నాడు.

“అది నువ్వు తలుపు తీసినప్పుడు దాటలే కాకా. అసలు లోపలికే రాలే. నేను జూడకుండ బిళ్ళ మార్చిన. నువ్వు లెక్క తప్పలే.”

 కాక ఇల్లదిరేలా కేక వేశాడు. “బిడ్డా! ఇటు రా! నేను తప్పలేదట!” అక్క పిండిచేతులతో వచ్చింది. “మల్ల జెప్పురా పిలగా, అక్కకు ఇనవడాలె.” చెప్పాను. గోడ అవతల బట్టలు ఆరేస్తున్న పక్కింటావిడకు కూడా చెప్పించాడు. యాభైకి దగ్గరపడి, తల సగం నెరిసిన ఈ పిలగాడు ముచ్చటగా మూడుసార్లు నేరం ఒప్పుకున్నాడు.

అందరూ వెళ్లాక అసలు మాట మిగిలింది. తల వంచుకుని, ఆయన చేతిలోని బిళ్ళకేసి చూస్తూ మొదలుపెట్టాను. కాక ఆ చెయ్యి మూశాడు.

“బిళ్ళకు గాదు. మొకం జూసి జెప్పు.”

తలెత్తి చూశాను.

“మాఫ్ చెయ్యి, కాకా.”