నైరుతి మూల నీళ్ల బరువు

మా అక్క ఇల్లు అనకాపల్లి నుంచి కె. కోటపాడు వెళ్లే దారిలో ఉంది. ఆ ఇంటి నైరుతి గది శ్లాబుకు పాత పగులొకటి ఉంది. పెచ్చులూడిన చోట తుప్పుపట్టిన ఇనుప ఊచ కనిపిస్తుంది. అక్క మంచం సరిగ్గా దాని కిందే.

నైరుతిలో బరువు లేకనే చెరకు కలిసిరావడం లేదని వాస్తు సిద్ధాంతి ఒకాయన బావకు చెప్పాడు. ఎంత బరువని ఎవరూ అడగలేదు. బావ వెళ్లి ఆ గది మీద పెట్టడానికి నీళ్ల ట్యాంకొకటి, గుండ్రటి నల్లది, కొనుక్కొచ్చాడు.

నేను వెళ్లేసరికి అది ఇంకా వాకిట్లోనే ఉంది. టేపు తెప్పించి కొలవడం మొదలుపెట్టాను.

"ఏటి బావమరిదీ, దానికి సొక్కా కుట్టిత్తావేటి?" అన్నాడు బావ.

అడ్డం నూట ఇరవై సెంటీమీటర్లు, అంటే వ్యాసార్ధం అరవై. అరవైని అరవైతో గుణించి, దాన్ని మూడు పాయింటు ఒకటి నాలుగుతోను, నూట ముప్పై అయిదు ఎత్తుతోను గుణించాను. ఘన సెంటీమీటర్లు పదిహేను లక్షల పైచిలుకు వచ్చాయి. వెయ్యితో భాగిస్తే లీటర్లు. లీటరు నీళ్లు ఒక కిలో.

"నిండితే ఒకటిన్నర టన్ను, బావా."

"నీళ్లకి బరువేటి? కాలవలో ఈదినప్పుడు అవే నన్ను మోత్తాయి."

"పదిహేను కిలోల బెల్లం దిమ్మలు వంద ఆ శ్లాబు మీద పేరుస్తావా?"

"ఎర్రోడ్నేటి? కూలిపోదూ!"

అన్నాక ఆగిపోయాడు. మూఢనమ్మకాల మీద నేను వాదించే సభల్లో ప్రత్యర్థి అలా ఆగినప్పుడల్లా నేను గెలిచాను. గుమ్మంలో నిలబడ్డ అక్క మా ఇద్దర్నీ మార్చిమార్చి చూసింది.

బావ మొహం వెలిగింది. "అయితే సిద్దాంతి గారు సరైందే సెప్పేరు. బరువంటే ఇదీ! నువ్వే లెక్కగట్టేవు కదేటి!"

నా లెక్క నా కళ్లముందే వాస్తుకు సాక్ష్యం చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. పగులు చూపించాను, ఊచ చూపించాను, అరిచాను. చివరికి, కనీసం సగమే నింపమని బతిమాలాను.

"సగం బరువైతే సగం పలితమే వత్తాది," అన్నాడు.

మర్నాడు తాళ్లు కట్టి ట్యాంకు పైకెక్కించారు. నేను గదిలోకి వెళ్లి, మంచం ఇక్కణ్ణుంచి తీసేయమన్నాను అక్కతో.

"ఇంటి పెద్దోలు నైరుతిలోనే పడుకోవాలంట తమ్ముడూ. మీ బావ ఒప్పుకోడు." గొంతు తగ్గించింది. "ఆ బరువంతా నడిమధ్యనే పడతాదా? గోడలు కూడా మోత్తాయా?"

ఆ ఇంట్లో ఆ ప్రశ్న అడిగింది అక్క ఒక్కతే. గోడ పక్కన కొంత నయం అన్నాను. అంతకుమించి నాకూ తెలియదు. ఇద్దరం మంచాన్ని గోడకు ఆనించాం. పైన నీళ్లు పడే చప్పుడు మొదలైంది. ట్యాంకు పొర్లేదాకా బావ మోటారు ఆపలేదు. మేం పగులు వైపే చూస్తూ నిలబడ్డాం.

ఆ ఏడు చెరకు బాగానే పండింది. కనబడినప్పుడల్లా బావ ఆ మాట ఎత్తుతాడు. వాన పట్టిందంటే నేను అక్కకు ఫోను చేసి, మంచం గోడ పక్కనే ఉందా అని అడుగుతాను.

"ఉందిలే," అంటుంది. "పెచ్చు ఇంకోటి ఊడింది."