మామ బండికి చైన్ వేయించిన వైనం

ఈ కథ చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. పెళ్ళికి వెళ్ళినా, పుట్టినరోజుకి వెళ్ళినా, ఆఖరికి ఒకాయన దశదిన కర్మకి వెళ్ళినా, బంతిలో ఇలా కూర్చుంటానో లేదో ఎవరో ఒకరు "అన్నా, గా బండి ముచ్చట జర చెప్పరాదే" అంటారు. చనిపోయినాయన కొడుకు కూడా కళ్ళు తుడుచుకుని దగ్గరికి జరుగుతాడు. ఓపిక అయిపోయింది. అందుకే ఒకేసారి రాసి పడేస్తున్నాను. ముందే చెబుతున్నాను: ఇందులో నిక్షేపంలాంటి బండి ఒకటి పాడవుతుంది, ఒక పెద్దాయన మనసు విరుగుతుంది, పద్నాలుగు పరుపులు నేలపాలవుతాయి. తప్పంతా నాదే. పంచుకోవడానికి కూడా ఎవరూ లేరు.

నేను అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో పనిచేస్తాను. కంప్యూటర్ మీద యంత్రాల బొమ్మలు గీయడం నేర్పుతాను. పన్నెండేళ్ళుగా బోల్టులు, గేర్లు, ఇరుసులు గీయిస్తూనే ఉన్నాను. ఈ పన్నెండేళ్ళలో పానా చేత్తో పట్టుకున్నది ఒకే ఒక్కసారి, అదీ పక్కింటాయన తెచ్చివ్వమంటే. ఈత మీద ఉపన్యాసాలిచ్చేవాడు చెరువు దగ్గరికి వెళ్ళనంతవరకు బాగానే ఉంటాడు. నేను వెళ్ళాను.

మా మామ మల్లేశం బేగంపేట పాత విమానాశ్రయంలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఆయన దగ్గర ఒక పెద్ద విదేశీ బండి ఉండేది. దేశం వదిలి వెళ్ళిపోతున్న ఓ ఇంజనీరు దగ్గర కొన్నాడట. మన బళ్ళకి ఇంజన్ నుంచి వెనక చక్రానికి చైన్ ఉంటుంది కదా, దీనికి లేదు. ఒక ఇనుప ఇరుసు గొట్టంలో దాక్కుని తిరుగుతూ, చివర ఉన్న గేర్ల డబ్బా ద్వారా చక్రాన్ని తిప్పుతుంది. మురికి లేదు, చప్పుడు లేదు, బిగించే పని లేదు. ముప్పై ఏళ్ళు దాన్ని కన్నకూతురికంటే ఎక్కువ చూసుకున్నాడని నా భార్య సునీత ఇప్పటికీ దెప్పుతుంది.

మోకాళ్ళు పట్టేశాక ఆయన ఆ బండిని నా చేతిలో పెట్టాడు. పెడుతూ ఒకే మాట అన్నాడు.

"అల్లుడా, ఏడాదికోసారి వెనక డబ్బల ఆయిల్ మార్చు. ఇంకేం ముట్టకు. మంచిగున్నదాన్ని మనం ఇప్పితే, రేపు అది మనల్ని ఇప్పుతది."

ఆయన నిజామాబాద్‌లో పెద్ద కూతురింటికి నెల రోజులు ఉండడానికి వెళ్ళగానే, భక్తిశ్రద్ధలతో పాత ఆయిల్ తీశాను. కొత్త ఆయిల్ పోద్దామని డబ్బా మూత తీస్తుండగా సునీత లోపల్నుంచి "దోశ సల్లగైతుంది" అని కేకేసింది. వెళ్ళి దోశ తిన్నాను. ఇంకోటి వేస్తే అదీ తిన్నాను. చేతులు కడుక్కునేసరికి, ఎందుకోగానీ, ఆయిల్ పోసేశానన్న గట్టి నమ్మకం కలిగింది. దోశలో ఏం కలిపిందో మరి.

వారం రోజులు అమీర్‌పేట నుంచి పంజగుట్టకి, పంజగుట్ట నుంచి అమీర్‌పేటకి, చుక్క ఆయిల్ లేకుండా మహారాజులా తిరిగాను. ఎనిమిదో రోజు పంజగుట్ట ఫ్లైఓవర్ దిగుతుంటే వెనకనుంచి ఎవరో గులకరాళ్ళు నమిలినట్టు చప్పుడైంది. ఇంటికి నెట్టుకొచ్చి చూస్తే డబ్బాలో గేర్ల పళ్ళు అరిగి, తొంభై ఏళ్ళ అవ్వ చిగుళ్ళలా నున్నగా మెరుస్తున్నాయి. ఆ సామాను ఈ దేశంలో దొరకదన్నారు. బయటినుంచి తెప్పిస్తే ఎన్ని నెలలు పడుతుందో చెప్పలేమన్నారు. మామ రావడానికి ఇంకా మూడు వారాలుంది.

"బాపుకు ఫోన్ చేసి చెప్పు. ఒక్కరోజు తిడతడు, ఊకుంటడు" అంది సునీత.

బంగారంలాంటి మాట. గోటితో పోయేదన్నమాట. నేను గొడ్డలి కోసం వెతుక్కుంటూ సనత్‌నగర్ వెళ్ళాను.

అక్కడ యూసుఫ్ భాయ్‌కి చిన్న లేత్ షెడ్డు ఉంది. చేయి తిరిగిన పనిమంతుడు. గొట్టంలోని పొడుగు ఇరుసు తీసేసి మామూలు బండిలా చైన్ వేసేయాలన్నది నా పథకం. నాలుగు రాత్రులు కూర్చుని గీసిన పదకొండు డ్రాయింగులు ఆయన ముందు పరిచాను. రంగుల్లో ఉన్నాయి. ఏ కోణం నుంచి చూస్తే ఎలా ఉంటుందో కూడా గీశాను. యూసుఫ్ భాయ్ ముక్కుమీదికి కళ్ళజోడు లాక్కుని చాలాసేపు చూశాడు.

"మస్తుగున్నయ్ సార్. ఫ్రేమ్ కట్టిస్తే గోడకు పెట్టుకోవచ్చు. గని ఒక్క మాట. ఇంజన్ కాడ గీ అడ్డం ఇరుసు ఉంది కదా, ఇది ఏ దిక్కు తిరుగుతది?"

"డ్రాయింగ్‌ల ఉన్నట్టే తిరుగుతది భాయ్."

"డ్రాయింగ్‌ల తిరుగుతలేదు సార్. కాయిదం కదా."

పన్నెండేళ్ళ అధ్యాపకత్వం నా గొంతులోకి వచ్చేసింది. "భాయ్, నీకు లేత్ తెలుసు, నాకు డిజైన్ తెలుసు. చక్రమన్నంక తిరుగుతది. గంతే."

"మీరు సద్వుకున్నోళ్ళు సార్. నాకేం ఫికర్" అని యూసుఫ్ భాయ్ కటింగ్ మిషన్ అందుకున్నాడు.

పాఠకులారా, ఆ క్షణంలో మీరెవరైనా అక్కడుండి నన్ను ఒక్క లెంపకాయ కొట్టి ఉంటే ఎంత పుణ్యం వచ్చేదో!

గొట్టాన్ని కోశారు. గేర్ల డబ్బాను పీకి తుక్కులో పడేశారు. మరో బండి వెనక చక్రం తెచ్చి బిగించారు. ఇంజన్ దగ్గర మిగిలిన ఆ అడ్డం ఇరుసుకి ఒక పళ్ళచక్రం, వెనక ఇంకొకటి, మధ్యలో నిగనిగలాడే కొత్త చైన్. స్టాండ్ మీద నిలబెట్టి, స్టార్ట్ చేసి, గేరు వేశాను. వెనక చక్రం గాలిలో రయ్యిమని తిరిగింది. నేను చప్పట్లు కొట్టాను. చుట్టుపక్కల షెడ్లవాళ్ళూ కొట్టారు. తిరుగుతోందా లేదా అని అందరం చూశాం. ఎటు తిరుగుతోందో ఒక్కరమూ చూడలేదు. అంత వేగంగా తిరిగే చక్రానికి ముందేమిటి, వెనకేమిటి?

రోడ్డు మీద నడిపి చూద్దామనుకునేలోగా సునీత ఫోన్ చేసింది. "బాపు రెండు రోజుల ముందే బయలెల్లిండు. రేపు పొద్దుగాలకు ఇంట్ల ఉంటడట." బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి ఇంటికి తెచ్చేశాను.

మర్నాడు ఆదివారం. మామ వచ్చి, టీ తాగి, "పంజగుట్టల దోస్తును కలిసొస్తం పా. చాన రోజులాయె బండెక్కక" అన్నాడు. మోకాళ్ళ నొప్పివల్ల వంగి కిందికి చూడలేదు కాబట్టి చైన్ ఆయన కంటబడలేదు. నా అదృష్టానికి నేనే మురిసిపోయాను. ఆయన వెనక కూర్చుని నా భుజం మీద చేయి వేశాడు. సునీత బాల్కనీలోంచి చేయి ఊపింది.

ఫస్ట్ గేరు వేసి క్లచ్ వదిలాను.

బండి వెనక్కి వెళ్ళింది.

సందు ఏటవాలుగా ఉంది కాబోలు అనుకున్నాను. ఇంకాస్త యాక్సిలరేటర్ ఇచ్చాను. ఇంకాస్త వెనక్కి వెళ్ళింది.

"అల్లుడా, ఎటు పోతున్నవ్?"

"పంజగుట్టకే మామా!"

"పంజగుట్ట ముంగట ఉన్నది కదరా!"

ఫస్ట్ గేరులో ఏదో తేడా ఉందనుకుని, బుద్ధున్నవాడెవడూ చేయని పని చేశాను. సెకండ్ గేరు వేశాను. అప్పటిదాకా నడుస్తున్న బండి పరుగందుకుంది. మా సందు హాస్టళ్ళలోని పిల్లలు టిఫిన్ ప్లేట్లతో గోడలకి అతుక్కుపోయారు. ఇప్పుడు దారి కనిపిస్తున్నది మామకి మాత్రమే, అదీ మెడ వెనక్కి తిప్పితే. ఆయన "కుడికి! కుడికి!" అని అరుస్తున్నాడు. ఆయన కుడివైపా, నా కుడివైపా, బండి కుడివైపా అని నేను ఆలోచిస్తున్నాను. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. నా బండికి ముందు అనేదే లేదు, వెనక మాత్రం హాస్టల్ పిల్లలకి పరుపులమ్మే దుకాణం ఉంది.

మామే ముందు చేరుకున్నాడు. ఆ వెనక నేను, నా మీద బండి హ్యాండిలూ. నిలువుగా పేర్చిన పరుపులు ఒక్కొక్కటే మా మీద మెత్తగా వాలాయి. దుకాణదారు వాటిని తీస్తూ లెక్కపెట్టాడు. పద్నాలుగు. దేవుడి దయవల్ల ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు.

మామ పరుపు మీద లేచి కూర్చున్నాడు. అప్పుడు చూశాడు, చైన్‌ని. దగ్గరికి జరిగి, కోసేసిన చోట వేలితో తడిమాడు.

"ఆయిల్ పొయ్యలే కదా?" అన్నాడు.

"పొయ్యలే మామా."

"డబ్బ ఏది?"

"తుక్కుల ఏసినం."

"ఈ బండిల ఇంజన్ కాడి ఇరుసు ఉల్టా తిరుగుతదిరా. వెనక డబ్బల గేర్లు దాన్ని సీదా చేస్తయి. నువ్వు డబ్బ పీకి పారేసినవ్. ఉల్టా ఉల్టాగనే మిగిలింది. ఐదు గేర్లు, ఐదూ రివర్సే." వేలికంటిన ఇనప రజను తుడుచుకున్నాడు. "ఆయిల్ మర్సినవంటే తిట్టి ఊకుందును. నాకు తెల్వద్దని దాన్ని కోసినవ్ సూడు, గది మంచిగ లేదు."

ఆ మాటకి నవ్వు చేర్చే ఓపిక నాకు ఇప్పటికీ లేదు.

యూసుఫ్ భాయ్ వచ్చి చూసి, నెత్తిన చేయి పెట్టుకున్నాడు. మధ్యలో ఇంకో గేరు పెట్టడానికి జాగా లేదన్నాడు. ఇరవై రోజులు మామ నాతో మాట్లాడలేదు. అన్నం వడ్డించమని కూడా సునీత ద్వారానే కబురు.

ఇరవై ఒకటో రోజున కృష్ణానగర్ నుంచి నాగరాజు అనే అతను వచ్చాడు. సినిమా ఫైట్ మాస్టర్ దగ్గర పనిచేస్తాడట. పరుపుల దుకాణం కబురు అక్కడిదాకా పాకిందట.

"వెనక్కి వెళ్ళే బండి మీదేనాండీ? మా సినిమాలో హీరోగారు రివర్స్‌లో వెళ్తూ, తరుముకొచ్చే రౌడీల్ని కొట్టాలండి. ఊళ్ళో ఎక్కడా అలాంటి బండి లేదండి."

"నడిపేదెవరు?" అన్నాను.

"ఏంటండీ, మీరే కదా! మీకు తప్ప అలవాటెవరికుందండీ?"

లోపలి గదిలోంచి మామ నవ్వు వినిపించింది. ఇరవై రోజుల్లో మొదటిసారి. మర్నాటి నుంచి ఆయనే నాకు గురువు. ఖాళీ మైదానంలో కుర్చీ వేసుకుని కూర్చుని, "మెడ తిప్పు! అద్దం సూడకు, వెనక సూడు! మల్లొక్కపారి!" అని వారం రోజులు నన్ను వెనక్కి తోలాడు. సనత్‌నగర్‌లో మూతబడ్డ ఫ్యాక్టరీలో షూటింగ్. హీరో హెల్మెట్, హీరో కోటు, హీరో ఎర్ర కండువా, లోపల నా పొట్ట. ఇరవై మంది రౌడీలు తరుముతుంటే, థర్డ్ గేరులో వెనక్కి దూసుకుపోయాను. "అబ్బో, మా అల్లుడు!" అని మామ ఈల వేశాడు.

సినిమా విడుదలైన రోజు బంధువులందరికీ టిక్కెట్లు తీసి అమీర్‌పేటలో థియేటర్‌కి తీసుకెళ్ళాను. "వెనక్కి వచ్చేది నేనే, బాగా చూడండి" అని వరసవరసకీ చెప్పాను. సీను వచ్చింది. పొగలోంచి బండి వచ్చింది. ముందుకి. నిటారుగా, సింహంలా, ముందుకి! ఇరవై మంది రౌడీలు ముఖాలు బండివైపే పెట్టి వెనక్కి వెనక్కి పరిగెడుతున్నారు. కండువా మాత్రం గాలికి ఎదురుగా ఎగురుతోంది. పొగంతా సైలెన్సర్ లోపలికి పోతోంది. "హీరోను సూసి ఎట్ల ఎనకకు ఉరుకుతుండ్రో సూడు బే!" అని థియేటరంతా ఈలలు.

బయటికొచ్చి నాగరాజుకి ఫోన్ చేశాను.

"ఏం చెప్పమంటారండీ, హీరోగారు వెనక్కి పోవడం సెంటిమెంట్‌గా బాగోలేదన్నారండి నిర్మాతగారు. ఎడిటింగ్‌లో తిప్పేశారండి."

చైన్ వేయించాక ఆ బండి ముందుకి వెళ్ళగా నేను చూసింది ఆ ఒక్కసారే.

కాబట్టి మెట్రో స్తంభాల సాక్షిగా, సకల నట్లు బోల్టుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో నడుస్తున్న యంత్రం దేన్నీ విప్పను. నడవనిదాన్ని కూడా విప్పను. నిన్న ఫ్యాను చప్పుడు చేస్తోందని స్క్రూడ్రైవర్ వైపు చూశాను, అంతే, చూశాను. సునీత దాన్ని తీసి బియ్యం డబ్బాలో దాచింది. ఉక్కగానే ఉంది. ఉండనీ.